మోడల్‌లో పైకొండల మంచు కరగట్లేదు, ఏటేటా పేరుకుపోతోంది. ఏం చేయాలండి?

రాజోలు_మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గోదావరి నీళ్లు తాగి పెరిగినోడికి మంచు మీద పరిశోధనేంట్రా అని మా నాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. వాన నీటి నదుల మీద మనవాళ్లు బోలెడంతమంది పనిచేశారు గానీ మంచు నదుల గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నేను తీసుకున్నది హిమాచల్ ప్రదేశ్, లాహౌల్‌లోని చంద్రా నది. బారాలాచా కనుమ దగ్గర పుట్టి, తాండీ దగ్గర భాగా నదితో కలిసి చంద్రభాగ అవుతుంది. కిందికి దిగాక దాన్నే చీనాబ్ అంటారు. తాండీకి ఎగువనున్న బేసిన్‌ని ఎత్తును బట్టి 200 మీటర్లకో బ్యాండ్‌గా విడగొట్టాను. పైథాన్‌లో నేనే రాసుకున్న డిగ్రీ-డే మోడల్. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువుంటే పడ్డదంతా మంచు. సున్నా దాటితే దాటిన ప్రతి డిగ్రీకీ రోజుకి 4 మిల్లీమీటర్ల నీరు కరుగుతుంది, గ్లేసియర్ (హిమానీనదం) మీది గట్టి మంచైతే 7. కీలాంగ్ ఉష్ణోగ్రతని ఆధారంగా పెట్టుకుని కిలోమీటరు ఎత్తుకి 6.5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పైకి వెళ్లాను. గ్లేసియర్ల విస్తీర్ణం రాండాల్ఫ్ ఇన్వెంటరీలో (ప్రపంచ గ్లేసియర్ల హద్దుల జాబితా) ఉన్నదే. దాన్ని మార్చకుండా అలాగే ఉంచాను.

నది ప్రవాహంతో సరిచూస్తే బ్రహ్మాండంగా కుదిరింది. నాష్-సట్‌క్లిఫ్ (మోడల్ ప్రవాహం కొలిచినదానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే స్కోరు, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 0.82. గైడు గారు కూడా సంతోషించారు.

ఆ తర్వాత ప్రవాహం వదిలేసి, ఏ బ్యాండ్‌లో ఎంత మంచు ఉందో గ్రాఫు గీశాను. కింది బ్యాండ్లన్నీ శీతాకాలంలో నిండి, సెప్టెంబరుకల్లా సున్నాకి వస్తున్నాయి. 5,600 మీటర్ల పైనున్న బ్యాండ్లు మాత్రం మెట్లెక్కినట్టు ఎక్కుతూనే ఉన్నాయండి. 1981లో సున్నాతో మొదలుపెడితే 2020కి 25 మీటర్లు, 2060కి 45 మీటర్లు. ఇది మంచు మందం కాదు, కరిగిస్తే నిలిచే నీటి లోతు. కొండ మీద ఇంకో కొండ మొలిచినట్టుంది.

అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. ఎస్‌ఎస్‌పీ 5-8.5తో (ఉద్గారాలు బాగా పెరిగిపోయే భవిష్యత్తు ఊహ) 2100 దాకా నడిపితే, సుమారు 2070 నుంచి ఆ పై బ్యాండ్లు కూడా కరగడం మొదలవుతుంది, జులై ప్రవాహం పెద్ద మూపురంలా లేస్తుంది. ‘గ్లేసియర్ నీటికి గరిష్ఠం శతాబ్దం చివర్లో వస్తుందన్నమాట, పేపరు రాసేద్దాం’ అంటున్నారు గైడు గారు. నాకు మాత్రం ఆ మూపురం మీద నమ్మకం కుదరట్లేదు. అది నిజంగా వచ్చే నీరేనా, మోడల్ పుట్టించిందా? ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

పైథాన్_పులస

మాస్టారూ, దీనికింత బాధెందుకండీ. మంచు 1,000 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. ఎన్‌పీ డాట్ మినిమమ్ అని ఒక్క లైను పెడితే సరి. గ్రాఫు బుద్ధిగా కూర్చుంటుంది.

ధవళేశ్వరం_రిటైర్డ్

పులస గారూ, గ్రాఫు కూర్చుంటుంది, బాగానే ఉంది. కోసేసిన మంచు ఎక్కడికి పోయింది?

నేను బ్యారేజీ మీద చాలాకాలం లెక్కలు రాసినవాణ్ణి. తూర్పు డెల్టా కాలవకి ఎంత వదిలాం, మధ్య డెల్టాకి ఎంత, పశ్చిమ డెల్టాకి ఎంత, గేట్లెత్తి సముద్రంలోకి ఎంత పంపాం, ఇవన్నీ కలిపితే పైనుంచి వచ్చినదానికి సరిపోవాలి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు కూడా ఆ లెక్క ఆపలేదు. తేడా వస్తే ఎక్కడో కొలత తప్పిందని అర్థం. అంతేగానీ ‘ఎక్కువైంది కాబట్టి కొట్టేశాం’ అని ఎవరూ రాయరు. ఆ ఒక్క లైనుతో మీరు చేసేది అదే.

బాబూ మాస్టారూ, మంచు సంగతి నాకు తెలీదు. నీళ్ల లెక్క తెలుసు కాబట్టి ఒకటడుగుతాను. ఏటా అంత మంచు పైనే ఇరుక్కుపోతుంటే, ఆ మేరకు నదిలో నీళ్లు తగ్గాలి కదా. మీకేమో ప్రవాహం చక్కగా కుదిరిందంటున్నారు. ఆ లోటు పూడ్చినదేది? మీరే రాశారు, గ్లేసియర్ విస్తీర్ణం మార్చలేదని. అంటే పైన మంచు పోయాక కింద ఎంత కరిగినా తరగని ఐసు పెట్టారన్నమాట. ఒక వైపు నీళ్లు దాచేస్తున్నారు, ఇంకో వైపు లేని నీళ్లు ఇస్తున్నారు. రెండూ కలిసి సరిపోయాయి. ఆ 0.82 ఇలా వచ్చిందేమో చూసుకోండి.

మన గోదావరికి ఈ బాధ లేదు. త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా 1,465 కిలోమీటర్లలో ఎక్కడా మంచు లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా వచ్చిందే నీరు. దాళ్వాకి సీలేరు జలాశయాల వైపు చూస్తాం. కిందటేడు పడ్డ వాన ఈ ఏటి నదిలో పెద్దగా కనపడదు. మీ నదిలో ఎప్పటెప్పటి నీళ్లో వస్తాయంటున్నారు. కాబట్టి మొదలుపెట్టిన రోజున ఖాతాలో ఎంత ఉందన్నది మాకంటే మీకే ముఖ్యం.

లాహౌల్‌లో_పాలకొల్లు

రిటైర్డ్ గారికి దణ్ణం. మంచు తెలీదంటూనే జబ్బు పట్టేశారు.

మాస్టారూ, మాది పాలకొల్లే. కొన్నేళ్లుగా గ్లేసియర్ల కొలతల పనిలో ఉంటున్నాను, ప్రతి వేసవీ అటే. మీకు కనపడ్డదానికి ఈ రంగంలో ‘స్నో టవర్లు’ అని పేరుంది. డిగ్రీ-డే మోడల్‌ని చాలా ఏళ్లు నడిపితే ఎవరికైనా మొలుస్తాయి. కారణం చాలా సులువు. మీ మోడల్‌లో మంచుకి బయటికి పోయే దారి ఒక్కటే, కరగడం. అసలు కొండ మీద ఇంకా మూడు దారులున్నాయి.

ఒకటి గాలి. శిఖరాల మీద పడ్డ పొడి మంచుని ఊడ్చేసి గుంటల్లోకీ గాలి తగలని వైపుకీ చేరుస్తుంది. రెండోది జారుడు. కళ్లంలో ధాన్యం రాశి పోస్తున్నప్పుడు ఒక వాలు దాటాక పైన ఎంత పోసినా గింజలు అంచులకి జారిపోతాయి చూడండి, మంచూ అంతే. వాలు 30 డిగ్రీలు దాటితే మంచు చరియలు విరిగిపడడం మొదలవుతుంది, బాగా నిటారైన రాతిగోడల మీద అసలు నిలవదు. 5,600 పైన మీ బ్యాండ్లలో ఎక్కువ భాగం అలాంటి గోడలే. ఎండాకాలంలో చూస్తే అక్కడ నల్లటి రాయి కనిపిస్తుంది, మీ మోడల్‌లో 25 మీటర్ల నీరు కనిపిస్తోంది. మూడోది గ్లేసియర్ నడక. పైన పేరుకున్న మంచు ఏళ్ల తరబడి నొక్కుకుపోయి ఐసుగా మారి, తన బరువుకి తానే కిందికి పారుతుంది. మీ బేసిన్‌లోని ఛోటా శిగ్రీ గ్లేసియర్‌నే తీసుకోండి. 6,200 మీటర్ల పైన మొదలై దాదాపు 4,050 మీటర్ల దాకా దిగుతుంది. పైన పడ్డ మంచు కరిగేది అక్కడ కాదు, ఎన్నో ఏళ్ల తర్వాత రెండు కిలోమీటర్ల కింద.

ఈ మూడింటి తర్వాత మీ 6.5. కీలాంగ్ 3,100 మీటర్ల దగ్గరుంది. 5,700కి వెళ్లేసరికి మీ లెక్కన 17 డిగ్రీలు తగ్గింది, జులైలో కూడా సగటు సున్నా దాటదు. గాలిలో తేమ ఉన్న నెలల్లో ఈ తగ్గుదల అంత ఉండదు. 5.5 పెట్టి చూడండి, అదే బ్యాండ్ 14 డిగ్రీల కొద్దీ మాత్రమే చల్లబడి కొద్దికొద్దిగా కరగడం మొదలవుతుంది. నెలనెలకీ వేరే విలువ పెట్టుకుంటే ఇంకా మంచిది. అయితే దీనితోనే టవర్లన్నీ కూలగొట్టాలని చూడకండి. గాలీ జారుడూ చేసే పనిని ఎండ నెత్తిన రుద్దినట్టవుతుంది.

ఇక మీ 2070 మూపురం. అది టవర్ల నీళ్లే. తొంభై ఏళ్లపాటు నదికి అందకుండా దాచిన మంచుని, వేడెక్కాక ఒక్కసారిగా వదిలారు. అసలు గ్లేసియర్ నీటి గరిష్ఠం అలా రాదు. మొదట్లో కరుగుడు పెరుగుతుంది, నీరూ పెరుగుతుంది. కొన్నాళ్లకి గ్లేసియర్ విస్తీర్ణమే కుంచించుకుపోయి, వేడి ఎంతున్నా కరగడానికి ఐసు మిగలక నీరు తగ్గుతుంది. గంగ, బ్రహ్మపుత్ర ఎగువ బేసిన్లకి ఆ గరిష్ఠం ఈ శతాబ్దం మధ్యకల్లా వస్తుందని ఇప్పటి అధ్యయనాలు చెబుతున్నాయి. మీ మోడల్‌లో విస్తీర్ణం మారదు కాబట్టి తగ్గే మాటే లేదు, దానిమీద టవర్ల నీళ్లొకటి. పేపరు ఆపండి. 2007 ఐపీసీసీ నివేదికలో హిమాలయ గ్లేసియర్లు 2035కల్లా పోతాయని ఒక వాక్యం దూరి, 2010లో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మీ మోడల్ దానికి సరిగ్గా అవతలి కొసన ఉంది, ఐసుకి ఎప్పటికీ తరుగే లేదంటోంది.

ఏం చేయాలంటే: కోసేయకండి, కిందికి దింపండి. ప్రతి బ్యాండ్‌కీ దాని సగటు వాలుని బట్టి ఎంత మంచు నిలుస్తుందో ఒక హద్దు పెట్టి, మించినదాన్ని కింది బ్యాండ్‌కి చేర్చండి. అక్కడా మించితే ఇంకా కిందికి. నీటి లెక్క చెడదు, రిటైర్డ్ గారు కూడా ఒప్పుకుంటారు. సెప్టెంబరు 30న గ్లేసియర్ భాగంలో మిగిలిన మంచుని ఐసు ఖాతాలోకి మార్చండి. ఆ ఖాతాకి మొదటి నిల్వ కావాలి. ప్రపంచంలోని గ్లేసియర్లన్నిటికీ ఐసు మందం అంచనాలు 2019లో ఫారినోటి బృందం ఇచ్చింది, మ్యాపులు ఉచితమే. మీ బ్యాండ్లకి అవి కోసుకోండి. రాండాల్ఫ్ హద్దులు దాదాపు 2000 నాటివి కాబట్టి గ్లేసియర్ లెక్క 2000లోనే మొదలుపెట్టండి. 1981కి వెనక్కి వెళ్లాలని మొండికేస్తే లేని సమాచారం కల్పించుకోవాలి.

విస్తీర్ణం తగ్గించడానికి డెల్టా-హెచ్ పద్ధతి ఉంది. 2010లో హుస్, మరికొందరు రాసింది. ఏటా పోయిన ఐసుని గ్లేసియర్ అంతటా సమానంగా తీసేయరు. ముక్కు (గ్లేసియర్ కింది కొస) దగ్గర ఎక్కువ, పైన దాదాపు ఏమీ తీయరు. ఒక బ్యాండ్‌లో ఐసు అయిపోతే అక్కడ గ్లేసియర్ లేనట్టే. మొత్తం ఐసు ఎంతుంటే ఏ బ్యాండ్‌లో ఎంత విస్తీర్ణమో ముందే పట్టిక వేసుకుని హెచ్‌బీవీ లాంటి చిన్న నదీ ప్రవాహ మోడళ్లలో వాడుతున్నారు. మీ పైథాన్‌లో పెట్టడం పెద్ద పనేం కాదు.

ఇంకోటి. ప్రవాహం ఒక్కదానితో సరిచూడకండి. 2000 నుంచి ఉపగ్రహం మీది మోడిస్ పరికరం మంచు కప్పిన విస్తీర్ణం ఇస్తోంది. అందులో లోతు తెలీదు, మబ్బు రోజులు పనికిరావు, అయినా ఏ బ్యాండ్‌లో ఎప్పుడు మంచు పోయి నేల తేలిందో తెలుస్తుంది. 2000 నుంచి 2019 దాకా ప్రతి గ్లేసియర్ ఉపరితలం ఎంత దిగిందో ఉపగ్రహాలతో కొలిచిన మ్యాపులు 2021లో వచ్చాయి. ముందు దానికి కుదిర్చి, తర్వాతే నది దగ్గరికి రండి. మీ బేసిన్‌లోనే ఛోటా శిగ్రీని 2002 నుంచి నేల మీద కొలుస్తున్నారు. 2019 దాకా సగటున ఏటా 0.46 మీటర్ల నీటికి సమానమైన ఐసు పోయింది. మీ మోడల్‌ ఆ బ్యాండ్లలో ఏమంటోందో చూడండి.

ఆ 0.46 ఎలా వస్తుందో చెబితే దాని విలువ తెలుస్తుంది. కింది భాగంలో ఆవిరి డ్రిల్లుతో ఐసులో లోతుగా రంధ్రం చేసి, వెదురు కర్రలు ఒకదానికొకటి తీగతో కట్టి దించుతారు. ఏడాది తర్వాత వచ్చి ఎంత కర్ర బయటపడిందో టేపుతో కొలుస్తారు. 5,000 మీటర్ల పైన అలా కుదరదు, గొయ్యి తవ్వాలి. తవ్వుతూ పోతే ఒకచోట సన్నటి మురికి చార తగులుతుంది, కిందటి వేసవి దుమ్ము అది. దాని పైనున్నదంతా ఈ ఏటి మంచు. గొట్టంతో ముక్కలు తీసి తూకం వేస్తాం. కొత్త మంచు ఘనపు మీటరుకి వంద కిలోలుంటే ఐసు తొమ్మిది వందలు తూగుతుంది, కాబట్టి లోతు ఒక్కటే కొలిస్తే ఏమీ తెలీదు. ఆ ఎత్తులో నాలుగు పారలు తవ్వితే ఊపిరందదు. కంప్యూటర్ ముందు కూర్చుని 45 మీటర్లు అనేయడం తేలిక, మాస్టారూ. (కోపం కాదు, సరదాకే.)

ఆక్వా_అబ్బులు

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాకు భీమవరం పక్కన చెరువులున్నాయి. మన గోదావరికి మంచే లేనప్పుడు ఈ గొడవ మనకెందుకండీ? సీరియస్‌గానే అడుగుతున్నాను.

రాజోలు_మాస్టారు

అబ్బులు గారూ, మా నాన్న అడిగేదీ ఇదే. మన కాలవల్లోకి ఆ నీరు రాదు, ఒప్పుకుంటాను. సముద్రంలోకి వస్తుంది. 2000 నుంచి 2019 మధ్య ప్రపంచంలోని గ్లేసియర్లు సగటున ఏడాదికి 267 గిగాటన్నుల ఐసు కోల్పోయాయి. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. దాన్ని సముద్రాలన్నిటి మీద పరిస్తే ఏడాదికి ముప్పావు మిల్లీమీటరు. ఆ కాలంలో సముద్రం లేచినదాంట్లో సుమారు ఐదోవంతు అది. అందులో హిమాలయాలూ చుట్టుపక్కల ఆసియా పర్వతాలూ అన్నీ కలిపినా పదోవంతు రాదు, అలాస్కా ఒక్కటే పావు వంతు. కాబట్టి చంద్రా నది వల్ల అంతర్వేది మునుగుతుందని నేననను. పైన కట్టిన డ్యాములు ఒండ్రుని ఆపేస్తుంటే మన నేలకి కొత్త మట్టి అందట్లేదు, అటు నీరు లేస్తోంది, దానికి మిల్లీమీటర్లే చాలు. వేసవిలో మీ చెరువులకి కాలవ నీళ్లు తగ్గినప్పుడు మురుగు కోడుల్లో ఉప్పు ఎంత లోపలికి వస్తోందో మీకే బాగా తెలుసు.

పాలకొల్లు అన్నయ్యా, మీరు చెప్పినట్టే కిందికి దింపే పద్ధతి పెట్టాను. ఐసు ఖాతా 2000లో మొదలుపెట్టి, డెల్టా-హెచ్ పట్టిక వేశాను. టవర్లు పోయాయి. 2070 మూపురం కూడా పోయింది. ఎస్‌ఎస్‌పీ 5-8.5లో ఇప్పుడు ప్రవాహం శతాబ్దం మధ్య దాకా పెరిగి ఆ తర్వాత దిగుతోంది. పై బ్యాండ్ల నుంచి జారిన మంచు 5,000 మీటర్ల దగ్గర చేరి ముందే కరుగుతోంది, మే నెల నీరు కొంచెం పెరిగింది.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఐసుకి హద్దు పెట్టేసరికి ఆగస్టులో నదిలో నీరు చాలట్లేదు. నాష్-సట్‌క్లిఫ్ 0.74కి పడింది. కరుగుడు పెంచితే ప్రవాహం కుదురుతుంది గానీ ఛోటా శిగ్రీ 0.46 కాస్తా 0.9కి పోతోంది. గైడు గారు 0.82 దగ్గరే మనసు పడేసుకున్నారు, ఏం చెప్పాలో తెలీట్లేదు.

లాహౌల్‌లో_పాలకొల్లు

కరుగుడు ముట్టుకోకండి. చాలనిది వర్షపాతం. మీ స్టేషన్లన్నీ లోయల్లో ఉన్నాయి. పైగా గాలి ఉన్నచోట రెయిన్‌గేజీలోకి ఒక్కోసారి మంచు సగం కూడా పడదు, పక్కకి ఎగిరిపోతుంది. ఎగువ సింధు బేసిన్‌లో 2015లో ఇమ్మర్‌జీల్ బృందం ఇదే లెక్క తిరగేసి చేసింది: ఈ గ్లేసియర్లు నిలబడాలన్నా, నదిలో ఇంత నీరు పారాలన్నా పైన ఎంత పడుతుండాలి అని. కొన్ని ఎత్తైన చోట్ల మనం అనుకున్నదానికి పదింతల దాకా తేలింది. మీ బేసిన్‌లో అంత ఉండకపోవచ్చు. శీతాకాలపు పశ్చిమ గాలుల మంచుకి ఎత్తుతోపాటు ఎంత పెరగాలో ఒకటి, వానాకాలానికి ఇంకొకటి పెట్టి, ఛోటా శిగ్రీ 0.46 దగ్గరే ఉండేలా సరిచేయండి. ఆగస్టు లోటు చాలావరకు పూడుతుంది.

మిగిలింది బడా శిగ్రీ గ్లేసియర్. దాని కింది భాగం నిండా రాళ్లూ మట్టీ. పల్చటి దుమ్ము పొరైతే ఎండని పీల్చి కరుగుడు పెంచుతుంది, కొన్ని సెంటీమీటర్లు దాటిన రాళ్ల పొరైతే ఐసుకి నీడపట్టి తగ్గిస్తుంది. అక్కడా 7 వాడుతున్నారా?

రాజోలు_మాస్టారు

అవునండి, అన్నిటికీ 7 యే. బడా శిగ్రీ బ్యాండ్లు విడదీస్తాను. వాలు హద్దు దగ్గర ఒక సందేహం. 200 మీటర్ల బ్యాండ్‌లో గోడా ఉంటుంది, చదునూ ఉంటుంది, సగటు వాలు తీస్తే రెండూ కలిసిపోతున్నాయి.

లాహౌల్‌లో_పాలకొల్లు

సగటు తీయకండి. 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపు) నుంచి ప్రతి గడికీ వాలు తీసి, బ్యాండ్‌ని గోడ, చదును అని రెండు ముక్కలు చేయండి. గోడ మీది మంచు అదే బ్యాండ్‌లోని చదునుకి ముందు వెళ్లాలి, అక్కడ హద్దు దాటితేనే కింది బ్యాండ్‌కి. అసలు గ్లేసియర్లకి మేత దొరికేది ఆ గోడల నుంచే.

ధవళేశ్వరం_రిటైర్డ్

మాస్టారూ, మీ గైడు గారికి రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించండి. పడింది, ఆవిరైంది, నదిలో పోయింది, మంచులో మిగిలింది, ఐసులో మిగిలింది, ఏడాదికో వరుస. 0.82 పట్టికలో పైన మంచు ఏటా ఎంత పెరుగుతోందో, కింద ఐసు ఎన్ని మీటర్లు కరిగినా తరగకుండా ఎలా ఉందో ఆయనే చూస్తారు. మీరు నోరు విప్పక్కర్లేదు.

పైథాన్_పులస

నా ఒక్క లైను వెనక్కి తీసుకుంటున్నా. మాస్టారూ, డెల్టా-హెచ్ కోడ్ ఇక్కడ పెడతారా? మా చెల్లి ఎంటెక్ ప్రాజెక్టు భాగీరథి మీద, దానికి వాడుకుంటుంది.

రాజోలు_మాస్టారు

తప్పకుండానండి. బడా శిగ్రీ సంగతి తేల్చాక, పట్టికతో సహా ఇక్కడే పెడతాను. మీ చెల్లిని 30 మీటర్ల డీఈఎం ముందే దించుకుని వాలు తీసి పెట్టుకోమనండి, ఎక్కువ టైము పట్టేది దానికే.